పర్చేజ్ మేనేజర్ జీతం ఎంతుండాలి? వరంగల్ నుంచి రామగుండం దాకా లెక్క కట్టే పద్ధతి

మొన్న హన్మకొండ చౌరస్తాలో టీ తాగుతుంటే, ఒకప్పుడు నా దగ్గర జూనియర్‌గా చేసినతను కలిశాడు. చేతిలో కొత్త విజిటింగ్ కార్డు, దాని మీద ‘మేనేజర్, ప్రొక్యూర్‌మెంట్’. మొహంలో మాత్రం ఆ కళ లేదు.

“అన్నా, కార్డు మీద మేనేజర్ అని కొట్టిచ్చిన్రు గానీ జీతం పాతదే. బయట నా పనికి ఎంతిస్తరు?”

“నీ సంతకంతో ఎంత దాంక పీఓ పోతది తమ్మీ?”

“నా సంతకం ఏడిదన్నా! కొటేషన్లు తెప్పిచ్చి, కంపారిటివ్ చేసి హైదరాబాద్ పంపుత. అక్కడ సార్ ఓకే అంటే పోతది.”

పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్, కంపారిటివ్ అంటే వచ్చిన కొటేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చే పట్టిక. అతను అడిగిన ప్రశ్నకు జవాబు అతని మాటల్లోనే ఉంది. కొనుగోలు ఉద్యోగాల్లో సంతకం ఏ ఊళ్లో ఉంటే జీతం కూడా ఆ ఊళ్లోనే ఉంటుంది. మన ఉత్తర తెలంగాణలో చాలా ఫ్యాక్టరీల యంత్రాలు ఇక్కడ తిరుగుతాయి, పెన్ను మాత్రం హైదరాబాద్‌లోనో ముంబైలోనో తిరుగుతుంది. ఆ రోజు టీ చల్లారేలోపు అతనికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ, ఇందులోకి రావాలనుకునే ఎంబీఏ, బీటెక్ పిల్లలకూ పనికొస్తుంది.

మొదటి అడుగు: కార్డు పక్కన పెట్టి పనిని కొలవండి

స్టోర్స్ ఇన్‌చార్జ్, పర్చేజ్ ఆఫీసర్, మెటీరియల్స్ మేనేజర్, ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్. కంపెనీని బట్టి ఒకే పనికి ఈ నాలుగు పేర్లూ వినిపిస్తాయి. పేరును బట్టి జీతం వెతికితే తప్పుడు అంకె దొరుకుతుంది. ఒక తెల్లకాగితం తీసుకుని ముందు ఈ సంగతులు రాయండి.

గత ఆర్థిక సంవత్సరంలో మీ చేతుల మీదుగా వెళ్లిన పీఓల మొత్తం విలువ ఎంత? అందులో పైవాళ్లను అడగకుండా మీరే సంతకం పెట్టగలిగింది ఎంత వరకు? కంపెనీలో డెలిగేషన్ ఆఫ్ పవర్స్ కాగితం ఒకటి ఉంటుంది, దాన్నే డీఓపీ అంటారు. అందులో మీ హోదా ఎదుట రాసిన పరిమితి చూడండి. చాలామంది ఆ కాగితం ఎన్నడూ తెరిచి ఉండరు. మూడోది, వెండర్‌ను ఎవరు తెచ్చారు? పాత వెండర్ల దగ్గరే కొనడం వేరు, కొత్తవాణ్ని వెతికి, వాడి ఫ్యాక్టరీకి వెళ్లి చూసి, శాంపిల్ పాస్ చేయించి లైన్‌లోకి తేవడం వేరు.

చివరిది అందరూ మరిచిపోయేది: మీరు ఒక రోజు తప్పు చేస్తే ఎంత నష్టం? రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అలాంటి యూనిట్ పూర్తి లోడ్ మీద నడవాల్సిన రోజున 24 గంటలూ ఆగిపోతే కోటీ 20 లక్షల యూనిట్ల కరెంటు పోయినట్టే. ఒక్క బేరింగ్ సమయానికి రాకపోవడం వల్ల అది జరిగితే, ఆ బేరింగ్ ఖరీదుతో లెక్క కట్టకూడదు. ఇలాంటి కీలకమైన స్పేర్లు చూసే మనిషికీ, ఆఫీసు స్టేషనరీ, క్యాంటీన్ సరుకులు కొనే మనిషికీ హోదా ఒకటే ఉండొచ్చు, ప్రైవేటులో వచ్చే ఆఫర్లు మాత్రం ఒకటి కావు.

రెండో అడుగు: మీరున్న రంగం ఏమిస్తుందో చూడండి

ఇంటర్నెట్‌లో వెతికితే ముందు అమెరికా అంకెలే వస్తాయి. అక్కడి కార్మిక శాఖ లెక్కలో 2023 మే నాటికి పర్చేజింగ్ మేనేజర్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 1,36,380 డాలర్లు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. దాన్ని రూపాయల్లోకి మార్చి మన గీసుగొండలో అడిగితే నవ్వుతారు. ఆ అంకెను అక్కడే వదిలేసి మన చుట్టూ ఏముందో చూద్దాం.

పత్తితో మొదలుపెడతాను, ఎందుకంటే వరంగల్‌లో కొనుగోలు అనే విద్య పుట్టింది ఏనుమాముల మార్కెట్లోనే అని నా నమ్మకం. జిన్నింగ్ మిల్లులో పత్తి కొనే మనిషిని ఎవరూ డిగ్రీ అడగరు, చెయ్యి అడుగుతారు. బస్తాలోంచి గుప్పెడు తీసి, పింజ లాగి, తేమ ఎంతుందో, దూది ఎంత దిగుతుందో చెప్పగలగాలి. సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తారు, అక్కడి నుంచి 12 శాతం దాకా కోత పెడతారు, అది దాటితే తీసుకోరు. ప్రైవేటు బయ్యర్ మీటరు వాడినా ఆఖరి మాట చేతిదే.

ఈ చేతి విలువ ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. మిల్లు సీజన్‌లో లక్ష క్వింటాళ్ల పత్తి కొన్నదనుకుందాం. మంచి బయ్యర్ వల్ల దూది దిగుబడి అర శాతం పెరిగింది. అంటే 500 క్వింటాళ్లు, అంటే 50 వేల కిలోల దూది. ఆ బరువు లేకపోతే గింజగా పోయేది. దూది కిలో 150 రూపాయలు, గింజ కిలో 35 అనుకుంటే తేడా 115. మొత్తం 57 లక్షల 50 వేలు. ఇక ఆ బయ్యర్‌కు ఏటా 6 లక్షలివ్వాలా, 9 లక్షలివ్వాలా అని సేటు బేరమాడుతున్నాడంటే, ఈ లెక్క అతనికి తెలియకనైనా ఉండాలి, మీకు తెలియదని అతనికి తెలిసైనా ఉండాలి.

పత్తి పనికి ఇంకో చిక్కుంది. అక్టోబర్‌లో మొదలై మార్చికల్లా సద్దుమణుగుతుంది. మిగతా నెలల్లో ‘పని లేదు కదా’ అని సగం జీతమిచ్చే మిల్లులున్నాయి. అందుకే ఇక్కడ నెల జీతం కంటే బేలుకు (దూది మూటకు) ఇంత అని అడగడం మేలు. లక్ష క్వింటాళ్లకు 34 శాతం దూది దిగితే 170 కిలోల బేళ్లు 20 వేలు అవుతాయి. బేలుకు 20 రూపాయలన్నా 4 లక్షలు. అది కూడా తేమ, దిగుబడి నిర్ణీత స్థాయిలో ఉంటేనే అని మీరే షరతు పెట్టండి, సేటు త్వరగా ఒప్పుకుంటాడు.

గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కథ పూర్తిగా వేరు. 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగిన ఈ పార్కులో గణేశా అనే కంపెనీ యూనిట్ ముడిసరుకు పత్తి కాదు, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాలు. తుక్కు వ్యాపారులతో మాట్లాడి, సరుకులో చెత్త, తడి ఎంతో పట్టుకోగలిగేవాడికే ఇలాంటి చోట గిరాకీ. బట్టలు కుట్టి విదేశాలకు పంపే గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. గుడ్డ, జిప్పు, గుండీ ఎవరి దగ్గర కొనాలో చాలాసార్లు బ్రాండే నిర్ణయిస్తుంది, నామినేటెడ్ సప్లయర్ అంటారు. అప్పుడు మీకు మిగిలేది ఫాలోఅప్. పని ఊపిరాడనివ్వదు, నిర్ణయం మాత్రం మీది కాదు. అలాంటి చోట జీతం పెంచుకోవాలంటే ప్యాకింగ్, విడిభాగాలు, రవాణా కాంట్రాక్టులు, అంటే బ్రాండ్ వేలు పెట్టని విభాగాలు మీ కింద ఉండేలా చూసుకోవాలి.

ప్రభుత్వ రంగంలో ఊహకు పనిలేదు, అంతా కాగితం మీదే ఉంటుంది. 2017 వేతన సవరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో అధికారుల ఈ2 గ్రేడు 50,000 నుంచి 1,60,000, ఈ3 60,000 నుంచి 1,80,000, ఈ4 70,000 నుంచి 2,00,000. ఇవి నెలవారీ మూలవేతనాలు, ఏటా 3 శాతం ఇంక్రిమెంట్. దీని మీద డీఏ (కరువు భత్యం), మూలవేతనంలో 35 శాతం వరకు పెర్క్స్ (ఇతర అలవెన్సులు), లాభాలను బట్టి పెర్ఫార్మెన్స్ పే. ఈ3లో 60 వేల మూలవేతనంతో ఉన్న అధికారికి డీఏ 50 శాతం అనుకుంటే 30 వేలు, పెర్క్స్ 21 వేలు, మొత్తం నెలకు 1,11,000. టౌన్‌షిప్‌లో క్వార్టర్, ఆస్పత్రి, పిల్లల బడి వేరే. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ విలువను డబ్బుగా కట్టకుండా ప్రైవేటు ఆఫర్‌తో పోల్చినవాళ్లు తర్వాత బాధపడటం చూశాను.

అయితే అక్కడ మీరు కోటి మిగిల్చినా, పక్క టేబుల్ ఆయన ఏమీ మిగల్చకపోయినా గ్రేడు గ్రేడే. ఎన్టీపీసీ, ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ), సింగరేణి లాంటి చోట మెటీరియల్స్ విభాగంలో పెరుగుదల అంటే ప్రమోషన్ ఒక్కటే. టెండరు ఎల్1కే (అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే) పోతుంది, బేరమాడాల్సి వచ్చినా కేంద్ర విజిలెన్స్ కమిషన్ నిబంధనల ప్రకారం ఎల్1తోనే, అదీ ప్రత్యేక పరిస్థితుల్లోనే. ఇలాంటి పదవుల్లో ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో ఉంచరు కూడా. మనశ్శాంతి కోరుకునేవాళ్లకు ఇది వరం, బేరంలో ఆనందం పొందేవాళ్లకు ఉక్కపోత.

రైల్వేలో స్టోర్స్ వైపు రావాలంటే ఆర్‌ఆర్‌బీ జూనియర్ ఇంజనీర్ (జేఈ) నోటిఫికేషన్‌తో పాటు వచ్చే డిపో మెటీరియల్ సూపరింటెండెంట్ పోస్టు చూడండి. ఏడో వేతన సంఘం లెవెల్ 6, ప్రారంభ మూలవేతనం 35,400. కాజీపేటలో 2023 జులై 8న శంకుస్థాపన జరిగిన రైల్వే తయారీ యూనిట్ లాంటివి నడిచేకొద్దీ చుట్టుపక్కల ప్రైవేటు సరఫరాదారులకు కూడా రైల్వే టెండర్లు తెలిసిన మనుషులు కావాల్సి వస్తారు.

మిగతావి క్లుప్తంగా. బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీల్లో బొగ్గు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), లారీ కిరాయిలు తెలిసినవాడికే విలువ. 2018లో తిరిగి తెరుచుకున్న కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో కర్ర కొనుగోలు పెద్ద పని, రైతులతో మాట్లాడటం రావాలి. రైస్ మిల్లుల్లో యజమానే పర్చేజ్ మేనేజర్, అక్కడ ఉద్యోగం వెతకొద్దు. ప్రైవేటు ఆస్పత్రుల్లో మందుల కొనుగోలు ఎక్కువగా డాక్టరు గారి బంధువుల చేతుల్లోనే ఉంటుంది. వరంగల్ ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానాలకు మందులు ప్రధానంగా రాష్ట్ర కార్పొరేషనే కొంటుంది కాబట్టి అక్కడ ఈ పదవే పెద్దగా ఉండదు.

మరి ప్రైవేటులో అంకె ఎంత అంటారా? ఇది నా అంచనా మాత్రమే: మన జిల్లాల్లోని ఓ మాదిరి యూనిట్‌లో ఎనిమిది పదేళ్ల అనుభవమున్న మేనేజర్‌కు 7 నుంచి 12 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద ఏటా పెట్టే మొత్తం ఖర్చు) అంటే ఎవరూ కనుబొమ్మలు ఎగరేయరు. అదే మనిషి హైదరాబాద్‌లో పెద్ద ఫార్మా కంపెనీలో 15 పైన అడగగలడు. మీరు ఈ పరిధిలో ఎక్కడ నిలబడతారన్నది మొదటి అడుగులో రాసుకున్న కాగితం చెబుతుంది.

మూడో అడుగు: సీటీసీని ఇంటికి తెచ్చే డబ్బుగా మార్చండి

12 లక్షలు అనగానే నెలకు లక్ష అనుకుని ఇంట్లో చెప్పేస్తాం. ఒకసారి విప్పి చూద్దాం. మూలవేతనం సగం, అంటే 6 లక్షలు అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 72,000. గ్రాట్యుటీ 4.81 శాతం, 28,860. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం), 1,20,000, అది ఏడాది చివర, అదీ ఇస్తేనే. గ్రూపు ఇన్సూరెన్స్ 15,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 9,64,140, నెలకు 80,345. అందులో మీ వాటా పీఎఫ్ 6,000, తెలంగాణ వృత్తి పన్ను 200 పోతే చేతికి 74,145. 2025-26 కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్ను పడదు కాబట్టి ఆ కోత లేదు. లక్ష అనుకున్నది 74 వేలయింది.

అందుకే రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు సీటీసీ పక్కన సీటీసీ పెట్టొద్దు. వేరియబుల్ ఎంత, గత మూడేళ్లలో ఎంత శాతం చెల్లించారు అని హెచ్‌ఆర్‌ను సూటిగా అడగండి. కొనుగోలు విభాగంలో వేరియబుల్‌ను కంపెనీ మొత్తం అమ్మకాలకు ముడిపెడితే ఒప్పుకోకండి. అమ్మకం మీ చేతిలో లేదు. మీరు మిగిల్చిన డబ్బుకో, సరుకు సమయానికి రావడానికో ముడిపెట్టమనండి.

వరంగల్‌లో ఉండి పనిచేసే 9 లక్షల ఉద్యోగం, హైదరాబాద్‌లో 12 లక్షల ఉద్యోగం ముందున్నప్పుడు అద్దె, బడి ఫీజు, శనివారం సాయంత్రం రైల్లో నిలబడి ఇంటికి రావడం, ఇవన్నీ కాగితం మీద వేయండి. నేనైతే ఒక్క విషయం చూసి హైదరాబాద్ వైపు మొగ్గుతాను: అక్కడ డీఓపీలో మీ పరిమితి ఎంత రాశారన్నది. అది పెరగకుండా జీతం మాత్రమే పెరిగితే ఆ పెంపు ఇంటద్దెకే సరిపోతుంది.

నాలుగో అడుగు: ‘ఎట్లాగూ పైన వస్తది గదా’ అన్న అనుమానాన్ని ఎదుర్కోండి

దీని గురించి ఎవరూ బాహాటంగా మాట్లాడరు. కుటుంబ వ్యాపారాల్లో పర్చేజ్ వాడి జీతం తక్కువగా ఉండటానికి పెద్ద కారణం ఇదే. వెండర్ల దగ్గర కమీషన్ తింటాడని యజమాని ముందే అనుకుంటాడు. ఆ ఊహను జీతంలోంచి కోసేస్తాడు. తినేవాడికి నష్టం లేదు. తిననివాడు రెండు వైపులా మునుగుతాడు.

నేను పనిచేసిన ఒక యూనిట్‌లో పెద్దాయన ఇంక్రిమెంట్ మాట ఎత్తగానే, “మీ శాఖకు దీపావళి మాకంటె ముందే వస్తది కదయ్యా” అని నవ్వేవారు. రెండేళ్లు ఆ నవ్వు భరించాను. మూడో ఏడు దీపావళికి వచ్చిన ప్రతి స్వీటు డబ్బా, ప్రతి వెండి నాణెం ఎవరు పంపారో చీటీ రాసి రిసెప్షన్ టేబుల్ మీద పెట్టించి, సిబ్బందికి లాటరీ తీయించాను. ఆ తర్వాత ఆ మాట రాలేదు. జీతం వెంటనే పెరగలేదు, నిజమే. కానీ మాట్లాడటానికి చోటు దొరికింది.

మీరు చేయగలిగినవి ఇవి. కొటేషన్లు మీ సొంత వాట్సాప్‌కు రానివ్వకండి, శాఖ మెయిల్‌కే రావాలి. కంపారిటివ్ మీద మీతో పాటు స్టోర్స్, అకౌంట్స్ వాళ్ల సంతకాలు ఉండేలా అడగండి. ఎల్1ను కాదని వేరేవాడికి ఇచ్చిన ప్రతిసారీ కారణం నాలుగు లైన్లు రాసి పెట్టండి. ఒక విలువ దాటిన కొనుగోళ్లకు రివర్స్ ఆక్షన్ (వెండర్లు పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) పెడదామని మీరే ప్రతిపాదించండి. మనల్ని మనమే కట్టేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. కానీ ఈ పద్ధతి ఉన్న చోట యజమాని సంతకం పరిమితి పెంచడానికి జంకడు, పరిమితి పెరిగితేనే హోదాకు అర్థం.

ఇక ప్రభుత్వ సంస్థల్లో ఇది అనుమానంతో ఆగదు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చేవాడు కూడా నేరస్థుడే.

ఐదో అడుగు: పొదుపు ఫైలు కట్టండి

జీతం పెంచమని అడిగేటప్పుడు చేతిలో ఉండాల్సింది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

‘ఈ ఏడాది 80 లక్షలు మిగిల్చాను సార్’ అని నోటితో చెప్పినవాళ్లను చాలామందిని చూశాను. ఫైనాన్స్ ఆయన రెండు ప్రశ్నలు వేయగానే అది 20 లక్షలకు దిగుతుంది, దాంతో మిగిలిన ఆ 20 కూడా ఎవరూ నమ్మరు. అందుకే ముందు మీ అంకెను మీరే కోసుకోండి.

ఉదాహరణకు 300 టన్నుల స్టీల్ ప్లేట్ కొన్నారు. పోయినసారి కిలో 62, ఈసారి 56. తేడా 6 రూపాయలు, 18 లక్షలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఈ మధ్యలో మార్కెట్ ధరే 4 రూపాయలు తగ్గింది. అది మీ గొప్ప కాదు. మీరు తెచ్చింది 2 రూపాయలు, 6 లక్షలు. ఫైలులో 6 లక్షలే రాయండి, పక్కన మార్కెట్ ధర కాగితం జత చేయండి. అలాగే మార్కెట్ 5 రూపాయలు పెరిగిన ఏడాది మీరు 2 రూపాయల పెంపుతో ఆపితే, అదీ మీ కష్టమే. దాన్ని పొదుపు అనకుండా ‘తప్పించిన ఖర్చు’ అని వేరే గడిలో రాయండి. ఈ రెండింటినీ కలపని మనిషిని ఫైనాన్స్ వాళ్లు గౌరవిస్తారు.

రేటు కాదు, ల్యాండెడ్ కాస్ట్ (సరుకు మన గేటు చేరేసరికి పడే మొత్తం ఖర్చు) చూడాలని పాఠాల్లో చదువుకుంటాం. నేను మాత్రం దెబ్బ తిని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాది వెండర్ దగ్గర కిలోకు 9 రూపాయలు తక్కువకు తెచ్చానని పొంగిపోయాను. అది ఎక్స్-వర్క్స్ రేటు, అంటే వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. పాత వెండర్‌ది ఎఫ్‌ఓఆర్, మా గేటు దాకా కిరాయి అతనిదే. లారీ కిరాయి, దారిలో ఇన్సూరెన్స్ కలిపితే కిలోకు రెండు రూపాయలు ఎదురు పడింది. అప్రైజల్ రోజున మా బాస్ ఆ ఒక్క బిల్లు టేబుల్ మీద పెట్టి, మిగతా మాట వినలేదు.

నిల్వల తగ్గింపు కూడా డబ్బే. స్టోర్స్‌లో 2 కోట్ల స్పేర్లు పడి ఉంటే, కదలనివి ఏరి వెనక్కి పంపి, రేట్ కాంట్రాక్ట్ (ముందే ధర ఖాయం చేసుకున్న ఒప్పందం) మీద అవసరానికి తెప్పించి 1.4 కోట్లకు తెచ్చారనుకుందాం. 60 లక్షల మీద 10 శాతం వడ్డీ వేసినా ఏటా 6 లక్షలు. ఇది అడగకుండా ఎవరూ లెక్కించరు.

బిల్లులు ఆలస్యం చేయడాన్ని మాత్రం పొదుపుగా చూపించకండి. ఒకప్పుడు వెండర్‌ను 90 రోజులు తిప్పించడం తెలివిగా చెలామణీ అయ్యేది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే ఆదాయపన్ను చట్టం కింద, 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చు చూపించుకోవాలి. ఏ వెండర్ ఈ పరిధిలోకి వస్తాడో ఉద్యమ్ (ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్) నంబర్లతో జాబితా తయారుచేసి అకౌంట్స్‌కు ఇచ్చారా? అది కూడా ఫైలులో ఒక పేజీ.

మొత్తం ఫైలు మూడు పేజీలు దాటకూడదు. ప్రతి పొదుపు పక్కన ఫైనాన్స్ వాళ్ల పొట్టి సంతకం ఉండాలి. అది ఏడాది చివర దొరకదు, ప్రతి నెలా మొదటి వారంలో తీసుకోండి.

ఆరో అడుగు: చదువు, సర్టిఫికెట్లు ఎక్కడ పనికొస్తాయో అక్కడే ఖర్చు పెట్టండి

ఎస్‌ఏపీ ఎంఎం (కొనుగోళ్లు, నిల్వలు చూసే సాఫ్ట్‌వేర్) చేతితో నడిపిన అనుభవం ఉంటే పెద్ద కంపెనీల గేటు దాటడం తేలిక. ట్రైనింగ్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. దిగుమతులు తెలియడం మరీ విలువైనది: ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) తెరవడం, ఇన్‌కోటెర్మ్స్ (రవాణా ఖర్చు, రిస్కు ఎవరిదో చెప్పే అంతర్జాతీయ నియమాలు), కస్టమ్స్ సుంకం లెక్క. మన దగ్గర ఇవి తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మందే.

సర్టిఫికెట్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. ఐఐఎంఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్) డిప్లొమాలు ప్రభుత్వ రంగంలోనూ, పాత తరహా పెద్ద కంపెనీల్లోనూ తెలిసిన పేరు. సీపీఎస్‌ఎం అమెరికా సంస్థది, మూడు పరీక్షలు, డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్ల అనుభవం కావాలి. సీఐపీఎస్ బ్రిటన్‌ది, గల్ఫ్‌లో బాగా అడుగుతారు. మీ యజమాని జిన్నింగ్ సేటు అయితే ఈ మూడింటిలో ఏది తెచ్చినా ‘మంచిది’ అని పక్కన పెడతాడు. వెళ్లాల్సిన చోటు ఖాయం చేసుకున్నాకే ఫీజు కట్టండి.

ఏడో అడుగు: అడగండి

ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ అంటే జనవరి, ఫిబ్రవరిలో బడ్జెట్ ముడిపడిపోతుంది. మార్చిలో అడిగితే ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్నది ఖాయం. డిసెంబర్‌లోనే మూడు పేజీల ఫైలు పెట్టి కూర్చోండి.

మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది ‘ఖర్చులు పెరిగాయి సార్, పిల్లల ఫీజులు’ అంటారు. యజమానికి కూడా పిల్లలున్నారు, ఆయనకూ ఖర్చులున్నాయి. దాని బదులు: “సార్, ఈ ఏడు నా చేతి మీదుగా 22 కోట్ల కొనుగోళ్లు పోయినయి. ఫైనాన్స్ ఒప్పుకున్న పొదుపు 31 లక్షలు. నా సంతకం పరిమితి ఇప్పటికీ 50 వేలే ఉంది. దాన్ని 5 లక్షలు చేసి, జీతం దానికి తగ్గట్టు సవరించండి.” పరిమితిని ముందు, జీతాన్ని తర్వాత అడగండి. పరిమితి ఇచ్చి జీతం ఇవ్వకపోయినా మీరు ఓడిపోలేదు, బయటి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆ 5 లక్షలు మిగులుతాయి.

బయటి ఆఫర్ చూపించి బెదిరించడం ఒక్కసారే పనిచేస్తుంది. పైగా వెండర్లు, రేట్లు అన్నీ తెలిసిన మనిషి వెళ్లిపోతానంటే యజమానికి ముందు భయం, తర్వాత కోపం వస్తాయి. నిజంగా వెళ్లడానికి సిద్ధమైతేనే ఆ కాగితం బయటికి తీయండి.

ఎనిమిదో అడుగు: గల్ఫ్ వైపు చూస్తుంటే

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అటు ఉన్నవాళ్లే కాబట్టి ఈ మాట రాకుండా పోదు. స్టోర్‌కీపర్‌గా వెళ్లి పర్చేజ్‌లోకి ఎదిగినవాళ్లు చాలామందే ఉన్నారు. యూఏఈలో జీతం మీద ఆదాయపన్ను లేదు గానీ, ఆఫర్‌లో మొత్తం అంకె చూసి సంతకం పెట్టొద్దు. అక్కడ ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. అలవెన్సులు లెక్కలోకి రావు. నెలకు 10 వేల దిర్హామ్‌ల ఆఫర్‌లో మూలవేతనం 4 వేలు రాస్తే ఐదేళ్లకు 14 వేల దిర్హామ్‌లు వస్తాయి. అదే 6 వేలు రాయిస్తే 21 వేలు. కంపెనీకి నెలవారీ ఖర్చు మారదు కాబట్టి ఈ మార్పుకు చాలామంది హెచ్‌ఆర్‌లు అభ్యంతరం చెప్పరు, అడిగేవాళ్లే తక్కువ.

డిగ్రీ సర్టిఫికెట్‌కు రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఎంబసీ అటెస్టేషన్లు ముందే చేయించి పెట్టుకోండి. ఏజెంటు ద్వారా వెళ్తుంటే అతను రిజిస్టర్ అయి ఉన్నాడో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. అతను మీ దగ్గర తీసుకోగల గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే కొటేషన్ రాసివ్వమనండి. రోజూ వెండర్లను అడిగేదే కదా.